బాగుపడ్డ రేజరు

ఆ గురువారం పొద్దున కట్టయ్యకు పెద్ద పనులేమీ లేవు. నున్నగా గడ్డం గీసుకోవాలి, టీక్యా ఆటోలో జనగామ పోయి టెంటు సామానాయనతో ఆదివారం పందిరి సంగతి ఖాయం చేసుకోవాలి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి అన్నం తిని పడుకోవాలి. ఇంత సాఫీగా ఉన్న రోజులో అనుమానించడానికి ఏమీ దొరక్కపోవడం ఆయనకు కొంచెం అనుమానంగానే ఉంది.

బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం పోయినా, టికెట్టు చూపించమనే చూపు మాత్రం ఆయన కళ్ళలో అలాగే ఉండిపోయింది. పాలాయన నవ్వుతూ పాలు పోస్తే చెంబు వంచి చూస్తాడు. భార్య రుక్మిణి దేవుడి ముందు కాసేపు ఎక్కువ నిలబడితే ఏం మొక్కుకుందో ఆరా తీస్తాడు. దేవరుప్పులలో ఆయన్ని ఎరిగినవాళ్ళంతా ఆయనకు దేన్నయినా నమ్మకంగా చెప్పే ప్రయత్నం ఎప్పుడో మానుకున్నారు.

ఆదివారం చిన్నకూతురు శశికళ నిశ్చితార్థం. అబ్బాయి పేరు కల్యాణ్, వాళ్ళది ఘనపూర్. ఇద్దరూ భూపాలపల్లి దగ్గర ఒకే బడిలో టీచర్లు. ఒకరినొకరు ఇష్టపడ్డాక పెద్దవాళ్ళకు చెప్పారు. పెద్దవాళ్ళు కొన్నాళ్ళు మొహాలు ముడుచుకుని, తర్వాత అది తమ ఆలోచనే అన్నట్టు ఒప్పుకున్నారు. కానీ నిశ్చితార్థం ఇప్పటికే రెండుసార్లు ఆగింది. ఒకసారి వానలకు వాగు పొంగి దారి తెగింది. ఇంకోసారి మూఢం వచ్చిపడింది. మూడోసారి కూడా ఏదైనా అడ్డొస్తే ఈ సంబంధం అచ్చిరాలేదనుకుని వదిలేద్దామని అబ్బాయి తండ్రి సారయ్య ముందే చెప్పేశాడు. అదే జరిగితే తాను ఇంకెవరి ముందూ పెళ్ళిచూపులకు కూర్చోనని శశికళ తల్లితో అంది. తలుపవతల నుంచి ఆ మాట విన్న కట్టయ్య, చాలా ఏళ్ళ తర్వాత ఒక మనిషి మాటను అనుమానం లేకుండా నమ్మాడు. అప్పటినుంచి ఆయన గుండెలో ఆదివారం తప్ప ఇంకో రోజు లేదు.

ఇక రేజరు. అది ఇత్తడిది, పైన తెల్లటి పూత. పిడి, దువ్వెన పళ్ళలాంటి అంచున్న పలక, దాని మీద మూత, మధ్యలో బ్లేడు. మొదటి జీతం అందిన రోజు వరంగల్‌లో కొన్నాడు. అప్పటినుంచి ఆ మొహానికి ఇంకో వస్తువు తగల్లేదు. మంగలి షాపుకు ఎందుకు పోవని ఎవరైనా అడిగితే, కత్తి మెడ దగ్గరికొచ్చినప్పుడు ఎదుటివాడి మనసులో ఏముందో ఎవరికి తెలుసని అడిగేవాడు.

పోయిన వారం ఆ రేజరు సబ్బు చేతిలోంచి జారి స్నానాలగది బండ మీద పడింది. పలక అంచున రెండు పళ్ళు లోపలికి వంగాయి. మూత ఒక పక్కకు ఒరిగింది. కట్టయ్యకు మనసు మనసులో లేదు. చివరికి పెద్దల్లుడు ప్రశాంత్‌కు ఇవ్వక తప్పలేదు. ప్రశాంత్ జనగామలో కళ్ళద్దాల షాపులో పనిచేస్తాడు. అతనికి పాత రేజర్లంటే పిచ్చి. పాతసామాన్ల కొట్లలో తుప్పుపట్టినవి ఏరి తెచ్చి, బాగుచేసి, అద్దాల బీరువాలో వరసగా పెట్టుకుంటాడు. ఇంట్లో గడ్డమున్నది ఒక్కరికి, రేజర్లు మాత్రం ఊరందరికీ సరిపోయేన్ని అని అతని భార్య, అంటే కట్టయ్య పెద్దకూతురు కల్పన, వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. అల్లుడు అసలు వస్తువు దాచుకుని ఇంకోటి అంటగడతాడేమోనని కట్టయ్య పిడి అడుగున సూదితో గుర్తు గీసి మరీ ఇచ్చాడు.

ప్రశాంత్ దాన్ని పసిబిడ్డను చూసినట్టు చూశాడు. గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టి, ఏళ్ళ తరబడి పేరుకున్న గారను మెత్తటి బ్రష్షుతో వదిలించాడు. కళ్ళద్దాల ఫ్రేములు సరిచేసే పట్టకారుకు తోలుముక్క చుట్టి, వంగిన పళ్ళను కొంచెం కొంచెంగా పైకి లేపాడు. ఇత్తడిని తొందరపెట్టి ఒక్కసారే వంచితే పుటుక్కున విరుగుతుంది. మూతను గాజుపలక మీద పెట్టి చూస్తే, అది ఇప్పుడు కిందపడి వంగింది కాదనీ, ఎన్నో ఏళ్ళుగా వంకరగానే ఉందనీ తెలిసింది. రెండు చెక్కల మధ్య బిగించి దాన్ని కూడా చదును చేశాడు. బ్లేడు నాలుగు మూలలా సమానంగా కూర్చుంది. కట్టయ్య ఇన్నేళ్ళూ వంకర రేజరును బలం పెట్టి ఒత్తి గీసుకుంటున్నాడన్నమాట.

బుధవారం సాయంత్రం తెచ్చిచ్చినప్పుడు ప్రశాంత్ ఆ మాటే చెప్పాడు.

"మామా, గిది ఇదివరకటి లెక్క లేదు. జర చెయ్యి తేలిక పెట్టు. ఒత్తకు. దాని బరువుకే తెగుతది."

కట్టయ్య ముందు పిడి అడుగున తన గుర్తు వెతుక్కున్నాడు. అది దొరికాక, అల్లుడు పనితనం గొప్పగా కనబడాలని ఏదో చెబుతున్నాడులే అనుకున్నాడు.

గురువారం పొద్దున అద్దం ముందు నిలబడి, చెంపల మీద ఎప్పటిలాగే ఒత్తి లాగాడు. రెండుచోట్ల రక్తం వచ్చింది. కొత్త బ్లేడు కదా అనుకున్నాడు. తర్వాత మీసం అంచు సరిచేయబోయాడు. కట్టయ్య మీసం ఆషామాషీది కాదు. జనగామ నుంచి పాలకుర్తి దాకా చిల్లర అడిగేవాళ్ళ నోళ్ళు మూయించిన మీసం. ఆ అంచు మీద రేజరు పెట్టి అలవాటు ప్రకారం ఒత్తేసరికి, ఎడమవైపు సగం మీసం నురగతో సహా చేతిలోకి వచ్చింది. కాసేపు అది ఎవరి మీసమో ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుడివైపును దానికి సరిసమానం చేయబోయాడు. అటు కొంచెం ఎక్కువ పోయింది. మళ్ళీ ఇటు. అలా న్యాయం చేసుకుంటూ పోగా చివరికి ముక్కు కింద ఏమీ మిగల్లేదు.

మన వైపు మీసమున్న మనిషి ఉన్నట్టుండి మీసం తీశాడంటే దానికి ఒకటే అర్థం. తల్లో తండ్రో పోయారు. కట్టయ్య తండ్రి పోయి చాలాకాలమైంది. ఇక తల్లి వీరమ్మ మహబూబాబాద్‌లో పెద్దకొడుకు ఇంట్లో ఉంటుంది. తల్లి పోయిన ఇంట్లో ఏడాది దాకా శుభకార్యం తలపెట్టరు. ఇవన్నీ కట్టయ్యకు తెలియక కాదు. కానీ ఆ క్షణంలో ఆయన మీసం గురించి మాత్రమే బాధపడుతున్నాడు.

తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. రుక్మిణి చూసింది. చేతిలో గరిటె అలాగే పట్టుకుని నేల మీద కూలబడింది.

"ఎప్పుడట?" అంది మెల్లగా.

"ఏంది ఎప్పుడు?"

"అత్తమ్మ."

కట్టయ్య విషయం చెప్పాడు. రేజరు తెచ్చి చూపించాడు. రుక్మిణి రేజరును చూసి, ఆయన్ని చూసి, నమ్మలేదు. ఇన్నేళ్ళుగా ఒక్క వెంట్రుకను ఎక్కువ తీయని రేజరు నిశ్చితార్థం వారంలోనే మీసం మొత్తం ఎలా తీసింది? పైగా తెల్లవారగానే మహబూబాబాద్ నుంచి ఫోనొచ్చింది. ఆదివారం ఏ బస్సుకు రావాలో అడగడానికి అన్న కొడుకు చేశాడని కట్టయ్య చెప్పాడు. అంత మాత్రానికి పెరట్లోకి వెళ్ళి మాట్లాడాలా అని ఆమె అడిగింది. ఇంట్లో సిగ్నల్ రాదని ఆయన అన్నాడు. ఇన్నేళ్ళు భర్త పక్కన ఉండి ఆమె కూడా అనుమానించడం బాగానే నేర్చుకుంది. తానే మహబూబాబాద్‌కు ఫోన్ చేసింది. అక్కడివాళ్ళు ఫోన్ ఇంట్లో చార్జింగ్ పెట్టి పత్తి ఏరడానికి చేనుకు పోయారు. ఎన్నిసార్లు మోగినా ఎవరూ ఎత్తలేదు. రుక్మిణి కళ్ళనుంచి నీళ్ళు బొటబొటా రాలాయి.

బయట ఆటో హారన్ మోగింది. టీక్యా పక్క తండావాడు, మాట్లాడటం మొదలుపెడితే జనగామ వచ్చేదాకా ఆపడు. ఆ రోజు కట్టయ్య మొహం, వెనక గుమ్మంలో ఏడుస్తున్న రుక్మిణిని చూసి పాట ఆపేశాడు. దారిపొడుగునా ఒక్కమాట మాట్లాడలేదు. గుంతల దగ్గర బండి నెమ్మది చేశాడు. మీసం ఏమైందని ఎందుకు అడగడంలేదా అని కట్టయ్యకు అనుమానం మొదలైంది. చివరికి తానే అన్నాడు.

"ఏం కాలేదు టీక్యా. అంత మంచిగనే ఉన్నది."

"గట్లనే ధైర్యంగుండాలె అన్న," అన్నాడు టీక్యా.

జనగామలో దిగాక కట్టయ్య మందుల షాపులో మాస్కు కొని పెట్టుకున్నాడు. టెంటు సామానాయన ఆదివారం పందిరి మాట రాసుకుంటూ, జ్వరమా అని అడిగి టీ తెప్పించాడు. టీ తాగాలంటే మాస్కు దించాలి. దించాడు. టెంటాయన పెన్ను ఆగింది. రంగురంగుల గుడ్డలు చూపిస్తున్నవాడు వాటిని మడిచి పక్కన పెట్టేశాడు. "తెల్లవి కట్టిస్త అన్న, నువ్వేం ఫికర్ చెయ్యకు," అని చేతులు పట్టుకున్నాడు. తన ఇంట్లో నిశ్చితార్థమని కట్టయ్య గట్టిగా చెప్పిన కొద్దీ ఆయన ఇంకా జాలిగా తలూపాడు.

మధ్యాహ్నానికి ఇంట్లో ఇంకో ఉపద్రవం జరిగిపోయింది. సారయ్య మరదలు మనోరమ ఆ వీధిలోనే ఉంటుంది. ఈ సంబంధానికి రాకపోకలన్నీ ఆమె చేతుల మీదే జరిగాయి. జాకెట్టు కొలత అడగడానికి వచ్చి రుక్మిణి ఎర్రటి కళ్ళు చూసింది. అప్పుడే మాస్కు కిందికి లాక్కుంటూ లోపలికొచ్చిన కట్టయ్యను చూసింది. కొలత అడగడం మరిచిపోయింది. రుక్మిణి ఇచ్చిన మంచినీళ్ళు ముట్టకుండా గ్లాసు కింద పెట్టి, పొయ్యి మీద పాలున్నాయని చెప్పి వెళ్ళిపోయింది. ఆమె ఇంట్లో పాలు పొంగాయో లేదో తెలియదు గాని, ఘనపూర్‌లో మాత్రం సారయ్య ఫోన్ మోగింది.

సాయంత్రం సారయ్య కట్టయ్యకు ఫోన్ చేశాడు. పత్తి రేటు గురించి, చలి గురించి మాట్లాడాడు. తర్వాత మీ అవ్వ ఆరోగ్యం ఎట్లున్నదని అడిగాడు. మంచిగున్నదని కట్టయ్య చెప్పాడు. ఒకసారి మాట్లాడిస్తావా అన్నాడు సారయ్య. ఆమె మహబూబాబాద్‌లో ఉందని కట్టయ్య చెప్పాడు. అయితే వీడియోలో చూపించమన్నాడు సారయ్య. అడిగేవాడి గొంతులో, టికెట్టు లేదని ముందే తెలిసి అడిగే చెకింగ్ అధికారి తీరు కట్టయ్యకు వినిపించింది. ఆ గొంతు అసలు కట్టయ్యది. ఇవాళ ఇంకొకరి దగ్గర విన్నాడు.

చీకటి పడే వేళకు మహబూబాబాద్ ఫోన్ దొరికింది. కథ అక్కడితో అయిపోవాల్సింది, వీరమ్మకు కొడుకు మీద కోపం లేకపోతే. నీకు ప్రయాణమెందుకు, పెళ్ళికి వద్దువులే అని కట్టయ్య అంతకుముందు ఎప్పుడో అన్నాడు. ఆ మాట ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది. మనవడు ఫోన్ తెచ్చి మొహం ముందు పెడితే కొంగు కప్పుకుంది. తాను రానక్కరలేని శుభకార్యానికి తన మొహం మాత్రం ఎందుకన్నది. మనవడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"చిన్నాయినా, నాయినమ్మ మాట్లాడదట. నేను సచ్చిన్ననుకోమను అంటున్నది."

కట్టయ్య తల పట్టుకున్నాడు. ఊళ్ళోవాళ్ళంతా ఆ పనే చేస్తున్నారు.

శుక్రవారం పొద్దున శశికళ తండ్రి దగ్గరికొచ్చి కూర్చుంది. కల్యాణ్ రాత్రి ఫోన్ చేశాడట. వాళ్ళ నాన్న ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాడట. రేపు శనివారమే ఒకసారి వచ్చి చూసిపోతామంటున్నాడట. ఆమె ఏడవలేదు, అరవలేదు. "మీసం ఎన్ని రోజులకు మొలుస్తది బాపు?" అని మాత్రం అడిగింది. కట్టయ్య చెయ్యి పై పెదవి మీదికి పోయింది. నీ పెళ్ళి ఆగనివ్వను బిడ్డా అని చెప్పాడు. ఎలా ఆగనివ్వడో మాత్రం ఆయనకు తెలియదు.

శశికళ దగ్గర ఒక ఉపాయం ఉంది. బడి నాటకంలో జమీందారు వేషానికి తెచ్చిన పెట్టుడు మీసం ఆమె పెట్టెలో ఉంది. జిగురు రాసి అంటించింది. అది కట్టయ్య మీసానికి రెండింతలుంది. అద్దంలో చూసుకుంటే ఎవరో తనను అప్పు అడగడానికి వచ్చినట్టనిపించింది. అయినా, మీసం ఉన్నట్టు నలుగురికీ కనబడాలి కదా అని సెంటర్లో హోటల్‌కు పోయి, అందరికీ కనబడేలా బెంచీ మీద కూర్చుని టీ చెప్పాడు. వేడి టీ ఆవిరికి జిగురు కరిగింది. మీసం ఒక కొసన వేలాడి, మెల్లగా జారి సాసర్లో పడింది. హోటల్లో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. తల్లి పోయిన సంగతి దాచడానికి పెట్టుడు మీసం పెట్టుకునేంత దిగజారాడా కట్టయ్య అని అందరూ తలలు దించుకున్నారు. ఎవరో ఫోన్లో ఫోటో తీశారు. టీ చల్లారకముందే ఆ ఫోటో ఘనపూర్‌కు చేరింది.

ఇక తల్లిని తెచ్చి చూపించడమొక్కటే దారి. ప్రశాంత్‌ను మహబూబాబాద్ పంపించారు. రేజరు తన చేతి పని కాబట్టి అతను కిక్కురుమనకుండా కారు తీశాడు. మీసం సంగతి మాత్రం అవ్వకు చెప్పొద్దని కట్టయ్య ఒకటికి పదిసార్లు చెప్పి పంపాడు.

చెప్పాల్సిన అవసరం ప్రశాంత్‌కు రాలేదు. అతను చేరేసరికి ఇంటి ముందు చెప్పులు కుప్పగా ఉన్నాయి. దేవరుప్పుల నుంచి వార్త చుట్టాలకు పాకి, డోర్నకల్ నుంచి, గార్ల నుంచి జనం వచ్చేశారు. వాకిట్లో వీరమ్మ నులకమంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. వచ్చినవాళ్ళు ముందు ఏడుస్తూ లోపలికొచ్చి, ఆమెను చూసి మధ్యలో ఆపి, ఏం చేయాలో తోచక ఆమె కాళ్ళకే దండం పెడుతున్నారు. ఆమె ఒక్కొక్కరినీ పరీక్షగా చూస్తోంది. గుమ్మం దాకా ఏడుపు లేకుండా వచ్చి, లోపల మొదలుపెట్టిన ఆడపడుచును అప్పటికే గుర్తుపెట్టుకుంది. కొడుకు మీసం తీసిన సంగతి ఆమెకు ఎంతోమంది చెప్పారు. ప్రశాంత్ నోరు తెరవకముందే మంచం దిగి చేతికర్ర అందుకుంది.

"కారు ఏడున్నది?" అని మాత్రం అడిగింది.

ఆ సాయంత్రం దేవరుప్పులలో కారు దిగి, వీరమ్మ నేరుగా కొడుకు ముందుకు వచ్చి నిలబడింది. కట్టయ్య మాస్కు తీశాడు. ఆమె ముసలి వేలితో అతని పై పెదవిని తడిమింది.

"నేనింక పోలేదు గదరా," అంది. "గింత తొందరేంది?"

కట్టయ్య ఆ వయసులో తల్లి ముందు చిన్నపిల్లాడిలా తలవంచుకున్నాడు. రేజరు సంగతి పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆమె రేజరు తెప్పించుకుని కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది. అనుమానించే గుణం కట్టయ్యకు ఎక్కడినుంచి వచ్చిందో అక్కడ ఉన్నవాళ్ళకు అప్పుడు అర్థమైంది. చివరికి, రేజరు మంచిగనే ఉన్నదని, తప్పంతా చేతిదని తేల్చింది. నిశ్చితార్థానికి రావద్దన్నందుకు కొడుకు క్షమాపణ అడిగాకే గ్లాసెడు చాయ్ తాగింది.

శనివారం పొద్దెక్కేసరికి ఘనపూర్ నుంచి కారు వచ్చింది. సారయ్య, అతని భార్య, కల్యాణ్ దిగారు. సారయ్య తలకు రుమాలు చుట్టుకుని, నిండు మీసంతో ఉన్నాడు. ఆ మీసాన్ని చూసి కట్టయ్యకు కడుపు రగిలింది. వీరమ్మను కొత్త చీర కట్టించి నడింట్లో కుర్చీలో కూర్చోబెట్టారు. ఇక అనుమానానికి తావేముందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. సారయ్య మాత్రం ఆమెను ఎగాదిగా చూసి, కట్టయ్యను పక్కకు పిలిచాడు.

"ఏమనుకోకు బావా. గీమె నిజంగ మీ అవ్వనేనా?"

ఘనపూర్ వాళ్ళెవరూ వీరమ్మను ఎప్పుడూ చూడలేదు. ఏ ముసలమ్మనో తెచ్చి కూర్చోబెట్టి ఉండవచ్చని సారయ్య అనుమానం. కట్టయ్యకు కోపం ముంచుకొచ్చింది. ఇన్నేళ్ళు తాను ఊరందరినీ చూసిన చూపుతో తనను ఒకడు చూస్తుంటే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. గుమ్మం పక్కన శశికళ కొంగు కొస వేలికి చుట్టుకుంటూ నిలబడి ఉంది. ఆమెను చూసి కోపం దిగమింగుకున్నాడు.

వీరమ్మకు చెవులు బాగానే వినిపిస్తాయి. "పింఛన్ మిషిని గూడ నా వేలు నమ్మది బిడ్డా," అంది సారయ్యతో. "నువ్వు నమ్మకపోతే నాకేం పట్టింపు లేదు. దగ్గరికి రా, అక్షింతలేస్త."

రుక్మిణి అక్షింతల పళ్ళెం తెచ్చింది. కల్యాణ్ వచ్చి వంగాడు. ముసలామె అతని తల మీద నాలుగు గింజలు వేసి, కాసేపు చెయ్యి అలాగే ఉంచింది. తర్వాత సారయ్యను కూడా వంగమంది. తనకంటే చిన్నవాడే కదా అంది. సారయ్య వంగాడు. రుమాలు తీయమంది. పర్వాలేదు, దాని మీదే వేయమన్నాడు సారయ్య. గుడ్డకు అక్షింతలు వేసే అలవాటు తనకు లేదంది వీరమ్మ. సారయ్య చలి అన్నాడు, జలుబు అన్నాడు. ముసలామె కళ్ళు చిన్నవయ్యాయి. సారయ్య భార్య నేల చూపులు చూస్తోంది. చివరికి కల్యాణే లేచి తండ్రి తల మీది రుమాలు విప్పాడు.

గుండు. ఇప్పుడిప్పుడే గరుకుగా మొలుస్తున్న వెంట్రుకలు.

కాళేశ్వరంలో మొక్కు తీర్చుకున్నానని సారయ్య తొందరగా చెప్పాడు.

"మరి ప్రసాదం ఏది?" అని అడిగింది వీరమ్మ.

దేవుడి దగ్గరికి పోయి వియ్యాలవారింటికి చిటికెడు ప్రసాదం తేని మనిషిని అక్కడ ఎవరూ ఇంతవరకు చూడలేదు. సారయ్య భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కల్యాణ్ ఇక ఆపుకోలేకపోయాడు.

"మొక్కు కాదు. మా చిన్న నాయినమ్మ పోయింది," అన్నాడు.

సారయ్యకు ఊహ తెలియకముందే తల్లి పోతే, తండ్రి రెండో భార్య అతన్ని పెంచింది. కాళేశ్వరం దగ్గర తన కూతురి ఇంట్లో ఉండేది. నెల కూడా కాలేదు పోయి. కర్మలన్నీ అక్కడే గోదావరి ఒడ్డున చేశారు. వార్త ఇటువైపు రాకుండా చూశారు. మూడోసారి ఆగితే అచ్చిరాలేదనుకుందామని తానే అన్న మాట సారయ్య మెడకు చుట్టుకుంది. ఏడాది ఆగమంటే దేవరుప్పులవాళ్ళు ఇంకో సంబంధం చూసుకుంటారని, కొడుకు మొహం చూడలేనని భయపడ్డాడు. గుండుకు మొక్కు అని చెప్పవచ్చు. మీసం తీస్తే చెప్పడానికి ఏమీ ఉండదు. అందుకే మీసం ఉంచుకున్నాడు. కట్టయ్య తల్లి సంగతి దాచాడని అంత సులువుగా ఎందుకు నమ్మాడంటే, ఎలా దాచాలో ఆయనకు బాగా తెలుసు.

వీరమ్మ ఇద్దరినీ చూసింది.

"బాగుంది," అంది. "నా కొడుకేమో తల్లి ఉండంగనే మీసం తీసిండు. నువ్వేమో తల్లి పోయినా మీసం ఉంచుకున్నవు."

రుక్మిణి మొహం ఎర్రబడింది. రెండు రోజులుగా తమను దొంగల్లా చూసినందుకు నాలుగు మాటలు అనడానికి సిద్ధపడింది. అనే హక్కు ఆమెకు ఉంది. ఆమె ఒక్కమాట అంటే చాలు, మూడోసారి కూడా ఆగిపోయేదే. శశికళ ఊపిరి బిగబట్టింది. కట్టయ్య భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఆయన కోపంగా లేడు. ఊళ్ళో అందరినీ అనుమానించాడు గాని, అనుమానించాల్సిన ఒక్క మనిషిని అనుమానించలేదన్న ఆశ్చర్యంలో ఉన్నాడు.

సారయ్య నేల మీద కూర్చుండిపోయాడు. పెంచిన తల్లి కోసం ఊళ్ళో గట్టిగా ఏడవలేకపోయానని, ఎవరైనా అడిగితే జలుబని చెప్పానని అన్నాడు. ఆ మాట పూర్తికాకుండానే గొల్లుమన్నాడు. పెద్దమనిషి అలా వెక్కి వెక్కి ఏడుస్తుంటే చూడలేక ప్రశాంత్ గోడవైపు తిరిగాడు. కట్టయ్య వెళ్ళి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు. చనిపోని తల్లి కోసం రెండు రోజులు జాలిచూపులు భరించినవాడికి, నిజంగా పోయిన తల్లిని దాచుకోవడం ఎంత బరువో తెలిసింది. వియ్యంకుడి మీద ఆయనకు మొదటిసారి ప్రేమ కలిగింది.

తీర్పు వీరమ్మే చెప్పింది. మనవడి పెళ్ళి ఆగాలని ఏ ముసలిదీ కోరుకోదట. పోయినామెను దాచిపెట్టడం తప్పు గాని, పెళ్ళి చేయడం తప్పు కాదట. ఏడాదిలోపు శుభకార్యం చేస్తే పోయినవాళ్ళకూ మంచిదేనని తన చిన్నప్పుడు పెద్దలు అనేవాళ్ళట. కల్పన పంతులుకు ఫోన్ చేస్తే ఆయనా అడ్డు చెప్పలేదు. "అయితే రేపే?" అని శశికళ అడిగింది. అవునని వీరమ్మ చెప్పాక, ఆ పిల్ల రెండు రోజులనుంచి ఆపుకున్న ఏడుపు అప్పుడు ఏడ్చింది.

సారయ్య కళ్ళు తుడుచుకుని లేచాడు. రేజరు ఉందా బావా అని అడిగాడు. ఇంట్లో ఒకటే ఉంది. ప్రశాంత్ అతన్ని అద్దం ముందుకు తీసుకుపోయి, నురగ పట్టించి, రేజరు ఎంత వాలుగా పట్టుకోవాలో చూపించాడు. మీసం ఒక్క గీతైనా పడకుండా మెత్తగా దిగిపోయింది. సందర్భం మరిచిపోయి ప్రశాంత్ ఆనందంగా చప్పట్లు కొట్టబోతే, కల్పన కళ్ళెర్రజేసింది.

ఆదివారం నిశ్చితార్థం జరిగింది. ఏడవడానికి మహబూబాబాద్ వచ్చిన చుట్టాలంతా అటునుంచి అటే వచ్చేయడంతో, అనుకున్నదానికంటే రెండింతల జనం అయ్యారు. పందిరి తెల్లగుడ్డలతోనే కట్టారు. టెంటాయనను నమ్మించడం ఎవరి వల్లా కాలేదు. ఉంగరాలు మార్చుకున్నాక అందరూ కలిసి ఫోటో దిగారు. శశికళ, కల్యాణ్ మధ్యలో నవ్వుతున్నారు. చెరో పక్క ఇద్దరు తండ్రులు, నున్నటి పై పెదవులతో. ముందు వరసలో కొత్త చీరలో వీరమ్మ.

ఆ ఫోటో చూసిన ప్రతి ఒక్కరూ, పాపం ముసలామె ఎప్పుడు పోయిందని ఇప్పటికీ కట్టయ్యను అడుగుతూనే ఉన్నారు.